మేకకు పథ్యం

మా కోదాడ వైపు ఎండాకాలంలో ఎండను తిట్టని మనిషి కనిపించడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిడతారు, అరుగుల మీద కూర్చున్నవాళ్లు తిడతారు, చివరికి చల్లగా పందిట్లో మంచం వేసుకుని పడుకున్నవాళ్లు కూడా లేచీ లేవగానే "ఏం ఎండరా నాయనా, సంపుతున్నది" అని మొదలుపెడతారు. నేను మాత్రం తిట్టను. నా నోరు మంచిదని కాదు. నా నోటి సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మనుషులను తిడతాను, దేవుళ్లను కూడా సందర్భం వస్తే ఒక మాట అంటాను, ఎండను మాత్రం ఏమీ అనను. దానికి కారణం ఒక మేక.

పోలీసు చర్య అయిన తర్వాత వచ్చిన మొదటి చలికాలం అది. మా నాయిన సూర్యాపేటలో బడిపంతులు. అన్నేళ్లూ ఆయన పిల్లలకు పాఠాలన్నీ ఉర్దూలోనే చెప్పాడు. లెక్కలు ఉర్దూలో, భూగోళం ఉర్దూలో, ఆకాశంలో చుక్కల సంగతి కూడా ఉర్దూలోనే. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటే గాని ఆయన నోటికి తెలుగు వచ్చేది కాదు. ఇప్పుడు బడిలో కూడా ఇక తెలుగులోనే చెప్పాల్సి వస్తుందన్న మాట మొదలయ్యేసరికి తల పట్టుకున్నాడు. తెలిసిన సంగతులే, పుట్టి పెరిగిన భాషే, కానీ ఆ సంగతులను ఆ భాషలో ఆయన ఎన్నడూ చెప్పి ఎరుగడు. అందుకని ప్రతి పాఠాన్నీ ముందుగా ఇంట్లో మా మీద చెప్పి చూసుకునేవాడు. నేను, అమ్మ, ఒక్కోసారి గోడ మీద పిల్లి. మేమే ఆయన తరగతి.

అమ్మ పురుటికని మేమిద్దరం కోదాడలో అమ్మమ్మ ఇంటికి వచ్చాం. తాతయ్య అప్పటికే లేడు. నాయిన సూర్యాపేటలో ఉండి, సెలవు రోజున వచ్చి పోతుండేవాడు. ఆయన వచ్చిన రోజు ఇంట్లో నాకు పని ఎక్కువ. ఎందుకంటే అమ్మమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. కోపం వల్ల కాదు, మర్యాద వల్ల. అమ్మ పెళ్లయిన నాటి నుంచీ ఆమె ఆయన ముఖం చూసి ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు చాటున నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, నాతో చెప్పేది.

"మీ నాయినకు సెప్పు, నీళ్లు కాగినయి."

నాయిన అక్కడే కూర్చుని ఉంటాడు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. అయినా నేను ఆయన వైపు తిరిగి, "నీళ్లు కాగినయంట" అని చెప్పాలి. ఆయన, "వస్తున్ననని అమ్మమ్మకు చెప్పు బిడ్డా" అంటాడు. నేను మళ్లీ తలుపు వైపు తిరగాలి. ఎనిమిదేళ్ల పిల్లను, ఇద్దరు పెద్దల మధ్య మెడ తిప్పి తిప్పి నాకు మెడ నొప్పి వచ్చేది. అయినా ఆ కొలువు నాకు చాలా ఇష్టం. నేను లేకపోతే ఆ ఇంట్లో అల్లుడికి అన్నం కూడా దొరకదని ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని.

పుష్యమాసంలో తమ్ముడు పుట్టాడు. పుట్టడం బాగానే పుట్టాడు. గట్టిగా ఏడ్చి మా అందరినీ నవ్వించాడు. కానీ కొద్ది రోజులకే అమ్మకు జ్వరం పట్టుకుంది. మందు ఇచ్చిపోయిన డాక్టరు జ్వరం తగ్గుతుందన్నాడు గాని ఎప్పుడో చెప్పలేదు. ఒళ్లు కాలిపోతుంటే అమ్మకు పాలు ఎండిపోయాయి. ఇంట్లో బర్రె పాలు ఉన్నాయి. నీళ్లు కలిపి పట్టి చూశారు. వాడికి అవి సరిపడలేదు, తాగిందంతా విరేచనమై పోయేది. మిర్యాలగూడలో ఉండే మా మేనమామ ఎక్కడో వెతికి ఒక పాల డబ్బా పట్టుకొచ్చాడు. అది ఉన్నన్నాళ్లూ కాస్త తేరుకున్నాడు. అది అయిపోయాక మరో డబ్బా దొరకలేదు. కొట్లలో ఏ సరుకూ సరిగా దొరకని రోజులు అవి. తమ్ముడి ముఖం చిన్నదైపోతూ, కళ్లు పెద్దవైపోతూ వచ్చాయి. వాణ్ని చూసి ఎవరూ ఏమీ అనేవారు కాదు. అనకపోవడం వల్లనే నాకు భయం వేసింది.

మేక వచ్చింది అప్పుడే.

ఊరి చివర చర్చి దగ్గరి గుడిసెల్లో ఉండే ఒకామె మా అమ్మమ్మ పొలంలో నాట్లకు, కలుపుకు వస్తుండేది. ఇంట్లో సంగతి ఎవరి ద్వారా విన్నదో, ఎవరూ అడగకుండానే ఒక పొద్దున తన నల్ల మేకను తాడు పట్టుకుని మా వాకిట్లోకి తెచ్చింది.

"దీని పిల్లలు ఆకు కొరుకుతున్నయమ్మా. ఇగ పాల కోసం అంత ఎగబడతలేవు. మీ మనవడు జర తేరుకునేదాక మీకాడనే ఉండనీయిండ్రి" అంది.

అమ్మమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగిన కళ్లతోనే లోపలికి పోయి, చెంబులో పసుపు నీళ్లు తెచ్చి, ఆమె ముందే మేక మీద చల్లింది. ఊరి చివరి మేక మా ఇంట్లోకి రావాలంటే అంత తతంగం ఉండాలి మరి! నేను ఆమె ముఖం చూశాను. ఆమె మేక వీపు మీది నీళ్లను చేత్తో తుడుస్తూ, "సలికాలం గదమ్మా, గోరెచ్చని నీళ్లు సల్లుండ్రి" అని నవ్వి ఊరుకుంది. తర్వాత మిరపకాయలు ఏరే గుంపుతో హుజూర్‌నగర్ అవతలి ఊళ్లకు వెళ్లిపోయింది. ఆ పసుపు నీళ్లు తలచుకుంటే ఇప్పటికీ నాకు తల వంగిపోతుంది. ఆమెను తలచుకుంటే చేతులు వాటంతట అవే జోడవుతాయి.

మేక పాలు కాచి, నీళ్లు కలిపి, ఉగ్గు గిన్నెతో పడితే తమ్ముడు గుటగుటా తాగాడు. తాగింది కడుపులో నిలిచింది. ఆ రాత్రి ఇంట్లో అందరం నిద్రపోయాం. మర్నాడు పొద్దున వాడు మళ్లీ గట్టిగా ఏడిస్తే అమ్మమ్మ దేవుడికి దండం పెట్టినట్టు మేకకు దండం పెట్టింది.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. కానీ మా అమ్మమ్మ ఏ మంచినైనా ఇంకాస్త మంచి చేయకుండా ఉండలేని మనిషి. కూర బాగుందంటే ఇంకో గరిటె నూనె పోసేది. పిల్లగాడికి పాలు ఇచ్చేది ఎవరు? మేక. పిల్లగాడికి పాలు ఇచ్చే ఆడదాన్ని ఏమంటారు? బాలింత. బాలింతను ఎట్లా చూసుకోవాలి? ఆ సంగతి అమ్మమ్మకు ఒకరు చెప్పాలా! తల్లి ఏం తింటే అది పాలలోకి వస్తుంది, తల్లికి గాలి తగిలితే బిడ్డకు జలుబు చేస్తుంది. కాబట్టి మేకకు పథ్యం మొదలైంది.

బాలింత గదికి ఆనుకుని గింజలు పోసుకునే చిన్న చీకటి కొట్టు ఉండేది. మేకను అందులో కట్టేసింది. కిటికీకి గోనెపట్టా కట్టింది. ఎండ పొడ, గాలి పొడ లోపలికి రాకుండా తలుపు దగ్గరగా వేసింది. పొద్దున సాయంత్రం కుంపటిలో సాంబ్రాణి వేసి పొగ పట్టేది. చెవుల్లో దూది పెట్టింది. మేక చెవులు వేలాడే చెవులు, ఒక్కసారి విదిలించిందంటే దూది గోడకు అంటుకునేది. అందుకని తల చుట్టూ తాతయ్య పాత ధోవతి ముక్క కట్టి, గడ్డం కింద ముడి వేసింది. ఆ కట్టుతో అది మా వీధి చివరి ముసలామెలాగే ఉండేది. నేను ఆ మాట అంటే అమ్మమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది.

తిండి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. పాత బియ్యం మెత్తగా వండి, ఎల్లిగడ్డ కారం కలిపి, నెయ్యి వేసి, అమ్మకు ఒక ముద్ద, మేకకు ఒక ముద్ద. తర్వాత ఇద్దరికీ వాము. తాగడానికి కాచి చల్లార్చిన నీళ్లు. పచ్చి ఆకు మాత్రం ముట్టనివ్వలేదు. ఆకులు చలవ చేస్తాయి, బాలింతకు పనికిరావు. మేకలు ఆకులు తింటాయన్న సంగతి అమ్మమ్మకు తెలియక కాదు. ఆ మాటే నేనడిగితే, "గవి మేకలు. గవి మేకల్లెక్క తిరుగుతయి. ఇది మన పిల్లగానికి పాలిచ్చేదే పిచ్చిదానా!" అంది. దిష్టి తగులుతుందని ఇరుగుపొరుగు వాళ్లను ఆ కొట్టు వైపు రానివ్వలేదు. అందుకే అదేమిటని అడిగే దిక్కు కూడా లేకపోయింది.

మొదటి రోజు మేక ఆ నేతి అన్నాన్ని వింతగా వాసన చూసి తిన్నది. తర్వాత మూతి తిప్పుకోవడం మొదలుపెట్టింది. పాలు తగ్గాయి. పాలు తగ్గాయి కాబట్టి అమ్మమ్మ ఎల్లిగడ్డ ఎక్కువ చేసింది, ఎల్లిగడ్డకు పాలు పడతాయి గదా. పాలు ఇంకా తగ్గాయి, పైగా ఎల్లిగడ్డ వాసన రాసాగాయి. తమ్ముడు ఒక గుటక మింగి ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఉగ్గు గిన్నె సగం నిండడం కష్టమైంది. వాడి ఏడుపు మళ్లీ సన్నబడింది. అమ్మమ్మకు మాత్రం మేకకు గాలి ఎక్కడి నుంచో తగులుతున్నదన్న అనుమానం వచ్చి, తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కింది.

నాయిన వచ్చిన రోజు అట్లా ఉంది పరిస్థితి.

ఆ కాలంలో సూర్యాపేట, కోదాడ రోడ్డు మీద నడిచిన బస్సుల్లో కొన్ని పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిచేవి. వెనుక ఒక డ్రమ్ములో బొగ్గు పోసి, నిప్పు వేసి, గాలి కొట్టి, ఆ పొగతో ఇంజను తిప్పేవాళ్లు. నాయిన అందులో వచ్చాడేమో, తెల్ల చొక్కా బూడిద రంగులో ఉంది. తమ్ముణ్ని ఎత్తుకున్నాడు. తర్వాత అమ్మ మంచం దగ్గర కూర్చుని, ఆమెను కాస్త మరిపించడానికే అనుకుంటాను, "బడిల చెప్పాల్సిన పాఠం ఒకటున్నది, వింటవా?" అన్నాడు. అమ్మ కళ్లు మూసుకునే తల ఊపింది.

నాయిన గొంతు సవరించుకున్నాడు. "భూమి మీద గల సమస్త శక్తికి సూర్యుడే మూలము."

తలుపు చాటు నుంచి అమ్మమ్మ, "మీ నాయినకు సెప్పు, గా సంగతి మాకు ఎరికే. రోజు పొద్దుగాల్నే దండం పెడుతున్నం" అంది.

"దండం వేరు, పాఠం వేరు అని అమ్మమ్మకు చెప్పు బిడ్డా. మన దీపం ఉన్నది. దీపంల ఆముదం ఉన్నది. ఆముదపు చెట్టు ఎండను తాగి గింజ పట్టింది. అంటే దీపంల వెలిగేది ఆ ఎండనే."

నేను చెప్పాను. అమ్మమ్మ, "మరి పొయ్యిల నిప్పు?" అంది.

"కట్టె గూడ అంతే. ఎండ లేందే చెట్టు లేదు. నేను ఎక్కొచ్చిన బస్సు బొగ్గు మీద నడుస్తది. ఆ బొగ్గు ఒకప్పుడు చెట్టే. అంటే సూర్యాపేట నుంచి కోదాడకు నేను ఎండనెక్కి వచ్చిన."

"నా మోకాళ్ల నొప్పి గూడ సూర్యుడేనా అడుగు!"

"నొప్పి కాదు, ఆ మోకాళ్లతోని నడిచే బలం. తిన్న జొన్న గట్కల నుంచి వచ్చింది. జొన్నకు ఎండల నుంచి వచ్చింది."

నేను అటూ ఇటూ తిరుగుతూ మాటలు మోస్తున్నాను. పాఠం కన్నా ఆ పోట్లాట నాకు బాగుంది. నాయిన కూడా ఉత్సాహంలో పడ్డాడు. ఉర్దూలో అన్నేళ్లు చెప్పిన మాట తెలుగులో అంత సులువుగా వస్తుందని ఆయనే అనుకోలేదు. అప్పుడు అమ్మ కళ్లు తెరవకుండానే, "పాలు గూడనా?" అని అడిగింది.

"పాలు గూడ. ఎండ ఆకు మీద పడుతది. ఆకును పశువు తింటది. అదే పాలైతది. పచ్చని ఆకు తప్ప ఇంకెవ్వలూ ఎండను నేరుగా తినలేరు. మనమందరం దాని ఎంగిలి తిని బతికేటోళ్లమే."

అప్పుడే కొట్టు లోపల నుంచి మేక ఒకసారి అరిచింది. గుడ్డ కట్టిన నోటితో అరిచినట్టు, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఉంది ఆ అరుపు. నాయిన లేచి, "మేక లోపలెందుకున్నది?" అంటూ కొట్టు తలుపు తీశాడు.

బయటికి వచ్చినప్పుడు కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. నవ్వు ఆపుకోలేక భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఇంతలో ఆయన చూపు అమ్మ పక్కన ఉన్న తమ్ముడి మీద పడింది. నవ్వు ఆగిపోయింది.

"అమ్మమ్మకు చెప్పు బిడ్డా, మేకకు ఆకు పెట్టాలె, ఎండకు ఇడవాలె."

ఈసారి నేను తిరిగి చెప్పే అవసరం రాలేదు. తలుపు వెనుక నుంచి మాట బాణంలా వచ్చింది.

"మీ నాయినకు సెప్పు. నేను కన్నోళ్లల్ల ఇద్దరు ఈ సేతుల్లనే పోయిండ్రు. ఇద్దరు గూడ సలి తగిలే పోయిండ్రు. వద్దన్నా ఇనకుంట నేను బాలింతనై ఎండల, గాలిల తిరిగిన, పచ్చికూర తిన్న. గప్పుడు మా అత్త అన్న మాట ఇంక నా సెవులల్లనే ఉన్నది. ఈ పిల్లగాణ్ని నేను సంపుకోలేను. సదువు సదువే, పాణం పాణమే."

ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మమ్మకు పోయిన పిల్లలు ఉన్నారని నేను వినడం అదే మొదటిసారి. నాయిన తల వంచుకున్నాడు. నాతోనే అన్నట్టు, "నాకు పాఠమే తెల్సు. మేక సంగతి నాకేం తెల్సు?" అన్నాడు. ఆయన ఎన్నడూ మేకను పెంచలేదు, పాలు పిండలేదు. తాను చెప్పిన పాఠం మీద కొడుకు ప్రాణం పెట్టేంత నమ్మకం ఆయనకు కూడా లేదు. వాదించి గెలిచి, తర్వాత ఏదైనా జరిగితే? ఆ భయం ఇద్దరిదీ ఒకటే అని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు మాత్రం నాయిన అంత తొందరగా ఓడిపోయినందుకు నాకు ఒళ్లు మండింది.

తెల్లవారింది. అమ్మమ్మ గిన్నె పట్టుకుని కొట్టులోకి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. వచ్చినప్పుడు గిన్నె అడుగు తడిసి ఉంది, అంతే. తమ్ముడు ఏడవడం లేదు. కళ్లు తెరిచి దూలం వైపు చూస్తున్నాడు. అమ్మమ్మ వాడి పెదాల మీద జీలకర్ర నీళ్లు చుక్క చుక్కగా వేసింది. నాయిన చెప్పులు వేసుకున్నాడు. మిర్యాలగూడ పోయి పాల డబ్బా వెతుకుతానన్నాడు. డబ్బాలు లేవని మామయ్య కబురు పంపి ఉన్నాడు, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాయినకూ తెలుసు. అయినా ఊరికే కూర్చోలేకపోయాడు.

అప్పుడు అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. జ్వరం వచ్చిన దగ్గర నుంచి ఎవరూ పట్టుకోకుండా ఆమె లేచి కూర్చోవడం అదే.

"అమ్మా" అంది అమ్మమ్మతో. "ఈ చీకట్ల నాకు ఊపిరి ఆడతలేదు. తలుపు సందుల నుంచి ఎండ కనవడితే పాకుకుంటన్న పోవాలనిపిస్తున్నది. ఇన్ని దినాల సంది నీకు చెప్పలేదు, తిడతవని. మనిషిని నాకే గిట్లుంటే, ఆ మూగదానికెట్లుంటదో చూడు. నన్ను ఇడవకున్నా మంచిదే. దాన్ని ఇడువమ్మా."

అమ్మమ్మ కూతురి ముఖం వైపు చూసింది. తర్వాత మనవడి వైపు చూసింది. కొట్టు తలుపు బార్లా తెరిచి, లోపలికి వంగి, మేక గడ్డం కింద ముడి విప్పింది. చెవుల్లో మిగిలిన దూది తీసింది. తాడు విప్పింది.

మేక గడప దాటి, వాకిట్లో ఎండలో ఒక్క క్షణం కళ్లు మిటకరిస్తూ నిలబడింది. ఒళ్లంతా విదిలించుకుంది. ఆ తర్వాత బాణంలా పెరటి వైపు పరుగెత్తింది. పెరట్లో చిక్కుడు పందిరి ఉంది.

ఆ పందిరి గురించి చెప్పాలి. మా ఇంట్లో రథసప్తమి నాడు వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నైవేద్యం ఇచ్చేవారు. చిక్కుడుకాయలతో చిన్న రథం కూడా చేసేవారు. దాని కోసమే అమ్మమ్మ వానాకాలంలో విత్తు పెట్టి, పందిరి వేసి, మాలో ఎవరైనా ఒక్క ఆకు తుంచితే చేయి విరగ్గొడతానని కాపలా కాసింది. సప్తమి ఆ వారంలోనే ఉంది. మేక ముందు కాళ్లు పందిరి గుంజకు ఆనించి, మెడ సాచి, మొదటి తీగను కిందికి లాగింది.

అమ్మమ్మ కర్ర అందుకుంది. పరుగున పెరట్లోకి పోయింది. కర్ర ఎత్తింది. ఎత్తిన చేయి అట్లాగే ఆగింది. మేక కళ్లు మూసుకుని నములుతోంది. ఆ నమలడం ఎంత ఆత్రంగా ఉందంటే, దాన్ని కొట్టాలంటే రాతి గుండె ఉండాలి. కర్ర ఆమె చేతిలో నుంచి జారి పడింది.

"తిను" అంది. "తిను తల్లీ."

కింది ఆకులు అయిపోయాయి. మేక మెడ సాచినా పైవి అందడం లేదు. అమ్మమ్మ మునివేళ్ల మీద లేచి తీగ లాగబోయింది, అందలేదు. నాయిన చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు. అమ్మమ్మ వెనక్కి తిరిగింది. కొంగు తల మీద నుంచి ఎప్పుడో జారిపోయింది. ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"నిలవడి సూస్తవేంది నాయినా! ఆ గుంజ పట్టుకుని వంచు, దానికి అందుతలేదు."

నేను అలవాటు కొద్దీ నాయిన వైపు తిరిగి, "గుంజ వంచమంటున్నది" అని చెప్పబోయాను. అప్పటికే ఆయన చెప్పులు వదిలేసి పందిరి కిందికి పోయాడు. ఇద్దరూ కలిసి పందిరిని కిందికి దించారు. మొత్తం పచ్చదనం మేక ముందు పడింది. నా కొలువు ఆ పూటతో పోయింది. అంత సంతోషంగా నేను ఏ పనీ పోగొట్టుకోలేదు.

ఆ సాయంత్రం గిన్నెలో కొన్ని పాలు పడ్డాయి. మర్నాడు ఇంకా కొన్ని. నేను దాన్ని తోలుకుని చేల గట్ల మీదికి పోయేదాన్ని. అది రేగు కంపలూ, తుమ్మకాయలూ, దొరికిందల్లా తింటుంటే, నాయిన చెప్పిన మాట గుర్తొచ్చి దాని నోట్లోకి ఎండ పోతున్నదా అని వంగి చూసేదాన్ని. పొద్దున పోయి ఎండంతా వీపు మీద మోసుకుని సాయంత్రానికి తిరిగి వచ్చేది. నల్ల మేక గదా, ముట్టుకుంటే వీపు వెచ్చగా ఉండేది. తమ్ముడికి ఏడుపు తిరిగి వచ్చింది. ఆ ఏడుపుకు ఇరుగుపొరుగు వాళ్లకు నిద్ర పట్టలేదంటే అమ్మమ్మ గర్వపడింది. అమ్మను కూడా పొద్దుటి ఎండలో మంచం వేసి కూర్చోబెట్టారు. ఆమె జ్వరం ఎందుకు తగ్గిందో నాకు తెలియదు. మందు వల్లనేమో, ఎండ వల్లనేమో, కొడుకు పాలు తాగుతున్నాడన్న నెమ్మది వల్లనేమో. తగ్గింది, అంతే చాలు.

రథసప్తమి వచ్చింది. నాయిన ముందు రోజే వచ్చాడు. మిరప చేలకు పోయిన ఆమె కూడా తిరిగి వచ్చి, తన మేకను చూసుకుందామని పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. పెరట్లో బోసిగా ఉన్న గుంజలు చూసి విషయం అడిగింది. నేను దాచకుండా చెప్పేశాను. తలకు గుడ్డ కట్టిన సంగతి విని ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మమ్మ కూడా నవ్వింది. ఈసారి పసుపు నీళ్ల చెంబు రాలేదు. అమ్మమ్మ ఆమెను వాకిట్లో తన పక్కనే పీట వేసి కూర్చోబెట్టింది. మా వాకిట్లో ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

జిల్లేడాకులు తల మీద పెట్టుకుని స్నానాలు అయ్యాయి. పిడకల మీద బర్రె పాలు పొంగాయి. పరమాన్నం అయింది. పెట్టడానికి చిక్కుడాకు ఒక్కటి లేదు. పక్కింటివాళ్లు తమ పాదు నుంచి ఆకులు పంపిస్తామన్నారు. అమ్మమ్మ వద్దంది. లోపలికి పోయి తమ్ముణ్ని తెచ్చుకుంది. అంతవరకూ గడప దాటని పిల్లవాణ్ని ఎండలో తన కాళ్ల మీద పడుకోబెట్టుకుని, వాడి ఒంటి మీది గుడ్డ తీసేసింది. తూర్పు ముఖంగా తిరిగి, ఉగ్గు గిన్నెలో మేక పాలు చేత పట్టుకుంది.

నాతో చెప్పలేదు, నాయినతో చెప్పలేదు. నేరుగా పైకి చూసి చెప్పింది.

"నీకోసం పెంచిన ఆకు మేక తిన్నది. మేక ఇచ్చిన పాలు వీడు తాగుతున్నడు. నా అల్లుడు సెప్పిండు, అంతా నీదేనట. నీది నీకే పెడుతున్న. తీసుకో తండ్రీ, వీణ్ని మాత్రం నాకు ఉంచు."

మేక తెచ్చిన ఆమె తన పద్ధతిలో కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుంది. నాయిన చేతులు జోడించాడు. అమ్మమ్మ గిన్నెను వాడి పెదాల దగ్గర వంచింది. పొద్దుటి ఎండ కళ్లలో పడి తమ్ముడు ముఖం చిట్లించాడు, తుమ్మాడు. తర్వాత నోరు తెరిచి మొదటి గుటక మింగాడు. ఆ చప్పుడు వాకిట్లో అందరికీ వినబడింది.